బోణీకి ముందర అడిగిన ప్రశ్నలు

తమిళనాడులో మా గుడియాత్తం లుంగీ వ్యాపారులు కంప్యూటరంటే భయపడినారని ఇంగ్లీషులో ఒక వ్యాసం ఉంది. రాసినాయన వేలూరులో ఒక కాలేజీలో వాణిజ్యం చెప్పిన ప్రొఫెసరు. దాన్ని చూసి ఇంకొకరు, ఆ ఇంకొకర్ని చూసి మరొకరు, ఇట్ల ఈ పొద్దుకూ ఎత్తి రాసుకుంటానే ఉండారు. చిన్న ఊర్ల వర్తకులు కొత్తదాన్ని దగ్గరికి రానీయరంట, ఉన్నదాంతో తృప్తి పడిపోతారంట. తృప్తి! ఆ మాట కంటబడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నేను బతికుండగానే దానికి తెలుగులోనైనా ఒక జవాబు ఉండాలని ఇది రాస్తా ఉండాను.

తెలుగులోనైనా అని ఎందుకన్నానంటే, మా పక్క తెలుగు మాట్లాడేవాళ్ళు వీధి నిండా ఉంటారు, చదివేవాళ్ళు మాత్రం వెతికితే గానీ దొరకరు. నేను పోయింది తమిళ బడికి, అదీ ఐదో క్లాసుతో సరి. తెలుగు అక్షరాలు చిత్తూరు నుంచి సరుకుకు చుట్టి వచ్చే పాత పేపర్లలో కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇంగ్లీషుకు అంతకంటే తిప్పలు పడినాను. బ్యాంకులో ప్యూను పాత వ్యాపార పత్రికలు తూకానికి అమ్మేవాడు. అవి పొట్లాలకు పోకముందే అడ్డం పడి కొనేవాణ్ణి. నిఘంటువు పక్కన పెట్టుకొని ఒక్కో వాక్యం విప్పుకున్నాను. అందుకే ఇంగ్లీషులో నాకు పువ్వుల పేర్లు ఇప్పటికీ రావు. వడ్డీ, వాటా, దిగుమతి సుంకం ఇట్లాంటివన్నీ బాగా వచ్చు.

అది దేశం వాకిళ్ళు తెరిచిన కొత్త కాలం. మిల్లులు నూలును పైదేశాలకు పంపుకుంటా ఉంటే మాకు నూలు ధర ఎక్కుతా పోయింది. ఇంకో పక్క మరమగ్గం వాడు మా గళ్ళనే కాపీ కొట్టి చవగ్గా సంతలో పరిచినాడు. నేను నేసేవాణ్ణి కాదు, నేయించేవాణ్ణి. నేతగాళ్ళ ఇండ్లకు నూలు పంపి, లుంగీలు తెప్పించుకొని, కొన్ని అంగట్లో అమ్మి, మిగతావి మద్రాసు వ్యాపారులకు పంపేవాణ్ణి. ఆ మద్రాసు వాళ్ళు ఉన్నట్టుండి కొత్త పాట ఎత్తుకున్నారు. "కొత్త గళ్ళు రేపటికి చూపించు. పైదేశం పార్టీ కాచుకోని ఉండాడు" అని. రేపటికి ఎట్ల వస్తాయి? నూలుకు రంగు అద్దించాల, పడుగు తోడాల, మగ్గానికి ఎక్కించాల, ఒక మూర నేసి చూడాల. ఎరుపు పక్కన పచ్చ కుదరలేదా, మళ్ళీ మొదటికి. మేము నమూనా నేసేలోగా బేరం ఇంకో ఊరికి పోయేది.

వేలూరు బస్టాండు పక్కన కంప్యూటరు నేర్పే చోటు ఒకటి వచ్చింది. ఒక పొద్దు మద్రాసు వ్యాపారి దగ్గర మాట పడి తిరిగొస్తా, కడుపు మంటతో అందులోకి దూరినాను. అక్కడ నేర్పించే ఆయనతో, నేను కట్టుకోనుండే లుంగీనే పట్టి చూపించి, "ఈ గళ్ళు దీంట్లో పడతాయా?" అన్నాను. ఆయన నవ్వినాడు. నవ్వినా వేసినాడు. ఒక మీట నొక్కితే ఎరుపు పోయి నీలం వచ్చింది. ఇంకో మీట నొక్కితే గడి పెద్దదైంది. నాకు నెల్లాళ్ళు పట్టే పని నేను చూస్తా ఉండగానే అయిపోయింది. వాళ్ళు దీపాలార్పి తాళం తీసుకొనేదాకా నేను ఆ కుర్చీ దిగలేదు. కంప్యూటరంటే భయపడిన మనిషి ఇతనే, చూసుకోండి.

ఇట్లా ఉండగా ఒక బ్యాంకు వాళ్ళు ఒక యోచన చేసినారు. మా జిల్లాలో లుంగీ ఊర్లలో ఏదో ఒక ఊరికి అందరికీ కలిపి ఒక కంప్యూటరు గది పెట్టిస్తాం, గళ్ళు అందులో గీసుకోవచ్చు, టెలిఫోను తీగ మీద మద్రాసుకు పంపుకోవచ్చు అన్నారు. ఏ ఊరికి అవసరమో కనుక్కోమని ఆ వ్యాసం రాసినాయన కాలేజీకి చెప్పినారు. ప్రొఫెసరు దాన్ని తన దగ్గర డాక్టరేటు చేస్తా ఉన్న ఒక అమ్మాయికి అప్పజెప్పినాడు. ఆ గది మా ఊరికి రావడమా, పోవడమా అనేది ఆమె రాసుకొని పోయే జవాబుల మీద ఉంది.

ఆమె వచ్చింది పొద్దునపూట. అంగడి ముందర నీళ్ళు చల్లి, పటానికి ఊదొత్తి వెలిగించి, నేను అప్పుడే కూచున్నాను. భుజాన గుడ్డసంచితో మెట్టెక్కింది. బోణీ బేరమే అనుకున్నాను. తమిళంలో ఏదో చెప్పబోయి, నేను లోపలి మనిషితో తెలుగులో మాట్లాడడం విని మార్చింది.

"మీరు తెలుగా నాయనా? మాదీ తెలుగే. మా నాయన మేస్త్రీ, ఇండ్లు కడతాడు. మాట్లాడతాను గానీ నాకు చదవను రాదు. వేలూరు కాలేజీ నుంచి వస్తా ఉండాను. వ్యాపారం గురించి కొన్ని ప్రశ్నలు అడగాల."

"అడుగు తల్లీ."

"పోయినేడు నష్టం వచ్చిందా?"

"దేవుని దయ. అంతా బాగుండాది."

"గిరాకీ ఏమన్నా తగ్గిందా?"

"ఎందుకు తగ్గతాది? బాగుండాది."

"మీ ఊర్లో కంప్యూటరు గది పెడితే మీకు అవసరమవతాదా?"

కావాల అనే మాట నాలిక కొస దాకా వచ్చింది. మింగినాను.

"మాకు అన్నీ నిండుగా ఉండాయమ్మా."

ఆమె రాసుకుంది. చదువెంత అని అడిగింది. ఐదు అన్నాను. ఆ తర్వాత అంది. ఆ తర్వాత నాకు నేనే చదువుకున్నాను అన్నాను. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "దానికి ఇందులో గడి లేదు నాయనా" అని ఐదు దగ్గరే గుర్తు పెట్టింది. గిరాకీ ఒకటి మెట్టెక్కేసరికి, వ్యాపారానికి అడ్డం రాకూడదని మర్యాదగా సంచి సర్దుకొని దిగిపోయింది.

బజారు ఎరగని వాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాల. బోణీ గాకముందు, అంటే ఆ దినం మొదటి బేరం తెగకముందు, అంగట్లో కొన్ని మాటలు నోట రాగూడదు. లేదు అనగూడదు. నష్టం అనగూడదు. కావాల అని గూడా అనగూడదు. కావాలన్నావంటే ఆ పొద్దంతా కావాల్సిందే మిగుల్తుందని మా పెద్దోళ్ళ మాట. పొద్దున్నే వచ్చి ఎవరు ఎట్లుండాది అని అడిగినా బాగుండాది అనాల్సిందే. తెలుగోళ్ళు, తమిళోళ్ళు, సాయిబులు, బజారుకంతా ఒకటే కట్టు. ఆ గడప మీద కూచున్నవాడు దాన్ని దాటడు. మేస్త్రీ కూతురికి అంగడి కట్టు తెలియదు. వాళ్ళకు పునాది కట్లు వేరే ఉంటాయి. ప్రొఫెసరేమో, పొద్దున రద్దీ ఉండదు, అప్పుడు పోతే నిదానంగా మాట్లాడతారు అని చెప్పి పంపినాడు. దాంతో ఆమె దినమూ పొద్దున బస్సుకు రావడం, అంగడంగడికీ బోణీకి ముందర కూచోవడం, బోణీ బేరం రాగానే లేచి పోవడం. మా బజారు నిజం చెప్పగలిగిన గడియ వచ్చేసరికి ఆమె మెట్టు దిగిపోతా ఉంది.

పక్క అంగడి నూలు వ్యాపారిది. వరసకు నాకు బావ. బజారులో సగం మందికి నూలు అప్పు మీద ఇచ్చేది ఆయనే. ఆమె అటు పోయినాక ఇటు తొంగిచూసినాడు.

"ఏం బావా, ఏం చెప్పినావు ఆ పాపకు?"

"నువ్వేం చెప్పినావో అదే."

"అయితే ఇద్దరం కోటీశ్వరులమే" అని నవ్వినాడు. నేనూ నవ్వినాను. మళ్ళీ వస్తుందిలే, మధ్యాహ్నం వచ్చి సరిగా అడుగుతుందిలే అనుకున్నాను. ఆమె రాలేదు.

తర్వాత కాలేజీలో సభ పెట్టినారు. బ్యాంకు ఆఫీసరు వస్తాడు, మీరూ రండి అని మా బజారులో కొంతమందికి పిలుపు వచ్చింది. నేనూ నూలు బావా ఒకే బస్సులో పోయినాం. ముందర వడ, కాఫీ ఇచ్చినారు. తర్వాత కిటికీలు మూసి, ఒక పెట్టెలో నుంచి గోడ మీదికి వెలుతురు పారించి, ప్రొఫెసరు మమ్మల్ని ఆ గోడ మీద చూపించినాడు. ఒక పొడుగు గీత, ఒక పొట్టి గీత. పొడుగుది తృప్తిగా ఉన్నవాళ్ళంట. పొట్టిది కంప్యూటరు కావాలన్నవాళ్ళంట. అది గీత గూడా కాదు, గోడకు ఈగ వాలినట్టుండేది. "ఈ ఊరి వర్తకులకు కొత్త సాంకేతికత అంటే లోలోపల భయం. వీళ్ళకు ఇప్పుడే కంప్యూటరు కేంద్రం తొందరపాటు" అన్నాడు.

నేను లేచినాను.

"సార్, ఆ పొడుగు గీతలో నేనూ ఉండానా?"

"ఉంటారు. అందరూ ఉంటారు."

"అయితే నా వంతు తీసేయండి."

హాల్లో నవ్వినారు. ప్రొఫెసరు గూడా నవ్వి, "ఎందుకు?" అన్నాడు.

"అది బోణీకి ముందర చెప్పిన మాట. లెక్కలోకి రాదు."

కట్టు ఏమిటో చెప్పినాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంటే పెద్దాయనా, మీరు అబద్ధం చెప్పినారంటారా?"

"పెండ్లిపీట మీద కూచోనుండే పిల్లను ఒంట్లో ఎట్లుంది అని అడిగితే జ్వరమని చెప్తుందా సార్? అబద్ధం ఆ పిల్లదా, అప్పుడు అడిగినోడిదా?"

ఆయనకు కోపం వచ్చింది. రావాల్సిందే. పాపం, ఆయన చెప్పినదాంట్లోనూ కొంత న్యాయముంది, ఇప్పుడు ఒప్పుకుంటాను. "ఒకసారి తీసుకున్న జవాబును చెప్పినవాడే వచ్చి మార్చుకుంటా పోతే పరిశోధన అనేది ఉండదు" అన్నాడు. అది సరే. మరి తప్పు జవాబును మార్చకుండా పెట్టుకుంటే మటుకు పరిశోధన ఉంటుందా అని అడిగినాను.

బ్యాంకు ఆఫీసరు సరదా మనిషి. కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఈ పొద్దు మీకు బోణీ అయిందా?" అన్నాడు.

"అయింది సార్. బోణీ చేసుకొనే బస్సెక్కినాను."

"ఇది మీ అంగడి గూడా కాదు. అయితే చెప్పండి, నష్టమా?"

నా పక్కన నూలు బావ నా చొక్కా పట్టి లాగినాడు. "కూచో బావా, పదుగురిలో" అని గొణిగినాడు. ఆయన లాగింది ఎందుకో నాకు తెలుసు. వ్యాపారంలో ఉన్నవాడు నష్టమని బయటివాళ్ళున్న సభలో నోరు విప్పినాడంటే, ఆ పొద్దుతో వానికి సరుకు నమ్మి ఇచ్చేవాడు ఉండడు. పక్కన కూచోనుండేదే నాకు నూలిచ్చే మనిషి. నోరు మూసుకుంటే నా పరువు నిలుస్తుంది, గది ఇంకో ఊరికి పోతుంది. నోరు తెరిస్తే గది వస్తుందో రాదో, నూలు మటుకు ఆగిపోతుంది.

"నష్టమే సార్" అన్నాను. "నేను నూలు పోసే మగ్గాలు సగం నిలిచిపోయినాయి. మద్రాసు బేరం చేయి జారిపోయింది. మాకు కంప్యూటరు కావాల. నాకు కావాల. భయపడింది మేము కాదు. ప్రొఫెసరు సార్, మీ కాగితం తప్పైపోతుందని భయపడేది మీరు."

నూలు బావ మొహం అటు తిప్పుకున్నాడు.

సభ ముగిసినాక ఆ అమ్మాయి వరండాలో నాకు అడ్డం నిలబడింది. కండ్లు ఎర్రగా ఉండాయి గానీ ఏడవలేదు.

"నా కష్టమంతా ఒక్క మాటతో ఊడ్చేసినావు నాయనా."

"నేనేం చేసేది తల్లీ? నీకు కట్టు తెలియదు."

"నాకు తెలియదు సరే. నీకు తెలుసు గదా? మధ్యాహ్నం రామ్మా అని ఒక్క మాట అని ఉంటే నీ బోణీ ఏమన్నా చెడిపోయేదా? మీరంతా చదువుకున్నోళ్ళకు ఏమీ తెలియదని నవ్వుకోవడానికే గదా గమ్మునుండింది?"

ఆమె అన్నది నిజమే. కానీ నేను తల దించలేదు. ఆ అమ్మాయి అట్ల నిలబెట్టి అడగడం నాకు బాగా నచ్చింది. "అయితే ఇప్పుడు చెప్తా ఉండాను. మధ్యాహ్నం రా. అంగడి మెట్టెక్కొద్దు. ఎదురుగా టీ అంగడి బెంచీ మీద కూచో" అన్నాను.

తిరుగు బస్సులో నూలు బావ నా పక్కన కూచోలేదు. మరుసటి దినం నూలుకు మనిషిని పంపితే, "ఇకమీద రొక్కం" అని చెప్పి పంపినాడు. బజారులో నన్ను చూసి మాట ఆపేసేవాళ్ళు. నష్టమున్నందుకు కాదు, నష్టం లేనిదెవరికి? నోరు విప్పినందుకు. నేను రొక్కం పెట్టి కొనగలిగినంత కొన్నాను, మిగతా మగ్గాలు ఆపినాను. పోయి క్షమించమని అడగలేదు. అడిగే పని లేదు.

ఆ అమ్మాయి వచ్చింది. రెండోసారి అడగడానికి ప్రొఫెసరు ఒప్పుకోలేదంట. అట్ల చేస్తే నా దగ్గర డాక్టరేటు చేయొద్దు అన్నాడంట. ఆమె అదే కాలేజీలో ఇంకో లెక్చరరమ్మ దగ్గరికి మారి, డాక్టరేటు వెనక్కి పోయినా పరవాలేదని వచ్చింది. భోజనాలయినాక, బజారు కునికే వేళకు టీ అంగడి బెంచీ మీద కూచునేది. మొదట ఎవరూ పోలేదు. నేను పోయి కూచున్నాను. నా జవాబులన్నీ మళ్ళీ చెప్పినాను, అందరికీ వినబడేటట్టు గొంతెత్తి చెప్పినాను. టీ అంగడాయన, "మెల్లగా చెప్పప్పా, పాలు విరిగిపోతాయి" అన్నాడు. ఆ మాటకు నవ్వినవాళ్ళలో ఒకడు వచ్చి బెంచీ కొసన కూచున్నాడు. వాని తర్వాత ఇంకొకడు. టీ తాగతా మాలో మేము నష్టాలు చెప్పుకోవడం మావాళ్ళకు ఎప్పుడూ అలవాటే, రాసుకొనేవాళ్ళు కొత్త, అంతే. ఒక మధ్యాహ్నం నూలు బావ గూడా పోయినాడు. ఏం చెప్పినాడో నేను వినలేదు. నన్ను చూసి గొంతు తగ్గించినాడు.

బ్యాంకు వాళ్ళు అంతదాకా ఆగలేదు. పొడుగు గీత, పొట్టి గీత చూసుకొని ఆ గదిని ఇంకో ఊర్లో పెట్టినారు. పోతే పోయిందని మేము కొందరం చందాలేసుకొని, వేలూరులో అదే నేర్పేచోట వాడేసిన కంప్యూటరు ఒకటి కొని, సైకిలంగడి మీద మిద్దెలో పెట్టినాం. వేసవిలో కరెంటు పోతే అదీ పోయేది. అయినా మా గళ్ళు అందులో గీసినాం, మద్రాసుకు పంపినాం, నా మగ్గాలు కొన్ని మళ్ళీ ఆడినాయి. భయపడినవాళ్ళు చేసిన పని అది.

ఆ అమ్మాయి డాక్టరేటు చివరి పరీక్షకు మమ్మల్ని పిలిచింది. మా పక్క ఆ పరీక్ష నలుగురి ముందర జరుగుతుంది, సభలో ఎవరైనా లేచి ప్రశ్న అడగొచ్చు. మధ్యాహ్నం పెట్టినారు. బజారు నుంచి బాగానే పోయినాం. నూలు బావ వేరే వరసలో, తనకు అప్పు మీద నూలు పంపే మిల్లు ఏజెంట్ల పక్కన కూచున్నాడు. వాళ్ళను ఎవరు పిలిచినారో నాకు తెలియదు.

బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆమెను అడిగినాడు. "ఒకే మనిషి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి చెప్పినాడు. మీరు రెండూ రాసినారు. ఏది నిజం?"

"రెండూ రాయకపోతే ఏదీ అర్థం కాదు సార్" అంది. "అంగట్లో చెప్పింది వ్యాపారాన్ని కాపాడుకొనే మాట. బెంచీ మీద చెప్పింది వ్యాపారం ఎట్లుందో చెప్పే మాట. నాకు ప్రశ్నలు రాయడం వచ్చింది, ఎప్పుడు అడగాలో రాలేదు. అది నా తప్పు. నా తప్పును వాళ్ళ భయమని రాయడం ఇంకా పెద్ద తప్పు."

పాత ప్రొఫెసరు ముందు వరసలో ఉండాడు. లేచినాడు. వేలితో నన్ను చూపించినాడు.

"ఈ పెద్దమనిషి ఆ బెంచీ మీద మొదట కూచోని గొంతెత్తి చెప్పినాడని మీరే రాసినారు. మిగతావాళ్ళను ఈయన ఎగదోసి చెప్పించలేదని ఏమిటి రుజువు?"

ఆ అమ్మాయి తన పుస్తకం తిరగేసింది. ఆ ప్రశ్నకు ఆమె పుస్తకంలో జవాబు లేదు. డాక్టరేటు అక్కడ ఆగిపోయిందనుకున్నాను. నేను లేవబోయినాను. నేను లేస్తే చెడిపోతుందని తెలుసు, అయినా ఊరుకోలేను గదా.

నాకంటే ముందర నూలు బావ లేచినాడు. మిల్లు ఏజెంట్లు తలెత్తి చూసినారు.

"సార్, నన్ను ఎగదోసేంత మొనగాడు కాదు ఈయన. మా బావకు నోరు తప్ప ఏమీ లేదు." హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "నూలు అంగడి నాది. ఈ బజారుకంతా నూలిచ్చేది నేను. ఈయనకు సరుకు ఆపింది గూడా నేనే, అడగండి. ఈయన చెప్తే వినేవాణ్ణయితే ఎందుకు ఆపతాను? నాకూ నష్టమే సార్. పోయినేడూ నష్టమే, ఈ ఏడూ నష్టమే. ఈ పాపకు మధ్యాహ్నం ఈ మాటే చెప్పినాను. రాసుకోండి."

పరీక్షకుడు రాసుకున్నాడు. ఆ అమ్మాయికి డాక్టరేటు వచ్చింది.

నూలు బావకు మరుసటి వారం నుంచి మిల్లు వాళ్ళు ముందు రొక్కం అడిగినారు. భార్య నగలు కుదవ పెట్టి కట్టినాడు. నేను పోయి, "ఎందుకు లేచినావు బావా?" అన్నాను.

"ఎవడో కోటు వేసుకొని, మన నోట్లో మాట ఇంకొకడు పెట్టినాడంటే ఊరుకోమంటావా?" అని, నూలు కట్టలు నా అంగడి వైపు తోసినాడు. "రొక్కం తేకపోయినా తీసుకొని పో."